గాలిని ఫొటో తీసిన సాయంత్రం

"పడిపోయే రాకెట్‌కి ఇంత హడావుడి ఎందుకండీ?" అన్నాడు గోపి.

అనేశాక నాలిక కరుచుకున్నాడు. ఎదురుగా ఉన్న అమ్మాయి చూపు అలాంటిది మరి.

తొంభై ఎనిమిది జనవరి. కృత్తివెన్ను అవతల, ఉప్పుటేరు పక్కన గోపి వాళ్ల రొయ్యల చెరువులు. మధ్యాహ్నం ఆ అమ్మాయి జీపు దిగి, కెమెరా, ముక్కాలి స్టాండు గట్టు మీద దించి, "రేపు సాయంత్రం ఈ గట్టు మాకు కావాలి. లైట్లన్నీ ఆర్పేయాలి" అంది. పేరు రాజకుమారి. యూనివర్సిటీలో ఫిజిక్స్ రీసెర్చ్ చేస్తోందట. గోపి గట్టు మీద నిలబడి గోపికే ఆర్డరు వేసిన మనిషి అంతవరకూ పుట్టలేదు.

"పడడానికే ఎగరేస్తాం దాన్ని," అంది రాజకుమారి. "శ్రీహరికోటలో లేస్తుంది. వంద కిలోమీటర్లు దాటి పైకెళ్లి, తిరిగొచ్చి సముద్రంలో పడుతుంది. అంతా పది నిమిషాల్లో అయిపోతుంది. ఆ మధ్యలోనే మా పని."

"శాటిలైట్లు ఉన్నాయిగా? అవైతే పడవు."

"శాటిలైట్ అంత కిందికి దిగితే నిలవదు, కాలిపోతుంది. బెలూన్ అంత పైకి పోలేదు, పగిలిపోతుంది. ఆ రెండూ అందుకోలేని చోట గాలి ఎలా వీస్తోందో తెలియాలంటే ఈ చిన్న రాకెట్టే దిక్కు."

"వెళ్లి ఏం చేస్తుంది?"

"సోడియం ఆవిరి వదులుతుంది. మనకిక్కడ పొద్దుగూకినా అంత ఎత్తులో ఇంకా ఎండ ఉంటుంది. ఆ ఎండకి ఆవిరి నారింజ రంగులో గీతలా వెలుగుతుంది. గాలి ఎటు లాగితే అటు వంకర్లు పోతుంది. శ్రీహరికోట దగ్గర నుంచి ఒక కెమెరా, ఇక్కణ్నుంచి నాది ఒకటి ఫొటోలు తీస్తే, ఏ ఎత్తులో గాలి ఎంత జోరుగా ఉందో లెక్క తేలుతుంది. ఒక్క కెమెరాతో తేలదు."

"అంటే గాలికి ఫొటో తీస్తారన్నమాట!"

ఆమె మొదటిసారి నవ్వింది. రాకెట్ పడడానికైనా పది నిమిషాలు పడుతుంది. గోపికి అంతసేపు పట్టలేదు.

"మాట మన వైపులాగే ఉంది. ఎవరి తాలూకండీ మీరు?"

"గిలకలదిండి. మా నాన్న ఏడుకొండలు. సముద్రం మీదికి వెళ్తాడు." చెప్పేటప్పుడు మెడ నిటారుగా నిలిచింది. "రేపు మా వాళ్లంతా చూడ్డానికొస్తున్నారు. ఈ కెమెరా బాధ్యత మొత్తం నాదే. బెస్తవాళ్ల పిల్లకి ఇంత పని ఎందుకప్పజెప్పారని అడిగినవాళ్లున్నారు. ఫొటో పోతే మళ్లీ రాకెట్ ఎప్పటికో! నాకు మాత్రం మళ్లీ ఇవ్వరు."

"రేపు సాయంత్రం ఇక్కడ ఒక్క లైటు వెలిగితే నా పేరు గోపి కాదండీ!"

అన్నాడు గాని, అక్కడితో ఆగితే బాగుండేది. తన లైట్లు ఆర్పితే సరిపోతుందా? ఆమె కళ్లు చెదిరేలా చెయ్యాలి. లైన్‌మ్యాన్‌ని బతిమాలి, టార్చి ఊపగానే ఆ చుట్టుపక్కల చెరువులన్నిటికీ కరెంటు తీసేసేలా ఒప్పించాడు.

మర్నాడు పొద్దువాలే వేళకి ఉప్పుటేట్లోకి తెరచాప ఎత్తుకుని ఒక పడవ వచ్చింది. ఏడుకొండలు, ఆయన తమ్ముళ్లు, ఆడవాళ్లు, చేపల పులుసు గిన్నెలు గట్టు ఎక్కారు.

"ఏవయ్యా అబ్బాయ్, మా రాజీ రాకెట్టు ఎగిరేది ఇక్కణ్నుంచేనా?"

"కాదు నాన్నా, శ్రీహరికోట నుంచి," అంది రాజీ.

"ఎక్కణ్నుంచైతే ఏంటమ్మా, నీదేగా!"

సూర్యుడు దిగాడు. మబ్బు తునక లేదు. వైర్‌లెస్ సెట్ గరగరలాడి, కొద్ది నిమిషాల్లో వదులుతున్నామంది. గోపి టార్చి ఊపాడు. గట్లన్నీ ఒక్కసారిగా చీకటైపోయాయి.

"ఎలా ఉందండీ?" అని కాలరు సర్దుకున్నాడు.

"అద్భుతం!" అంది రాజీ. గోపి భూమ్మీద లేడు.

అంతలో డుగడుగమని ఒక జనరేటరు లేచింది. దాని వెనకే ఇంకోటి. కరెంటు పోతే రొయ్యకి ఊపిరాడదని చెరువుల కాపలాదారులకి ప్రాణం మీదికొస్తుంది. కారణం అడగరు, జనరేటరు తిప్పేస్తారు. తన కాపలావాడికి చెప్పుకున్నాడు గాని, మిగతా వాళ్లకి చెప్పాలన్న ఆలోచనే గోపికి రాలేదు. దక్షిణాన కోటేశ్వరరావు గారి చెరువుల మీద ఫ్లడ్ లైట్లు భగ్గుమని, సూటిగా కెమెరా కంట్లో కొట్టాయి.

"పరిగెత్తి ఆర్పించుకొస్తా!"

"ఎక్కడికండీ! రాకెట్ లేచిపోయింది!"

గోపి రాజీ ముఖం చూశాడు. ఇన్నేళ్ల ఆమె కష్టాన్ని తన గొప్పలకి బలిపెట్టాడు. ఆమె అతన్ని తిట్టలేదు. ఏటివైపు తిరిగి, సముద్రపు ఒడ్డున పెరిగిన మనిషి గొంతుతో కేకేసింది.

"నాన్నా! తెరచాప ఊడదీసి గట్టు మీదికి తెండి! లైట్లకి అడ్డం పట్టాలి!"

ఏడుకొండలు ఎందుకని అడగలేదు. చాప వచ్చేసింది. ఆయన, తమ్ముళ్లు మూడు మూలలు పట్టారు. నాలుగోది గాలికి కొట్టుకుంటోంది.

"మావయ్యా, అది నాకొదిలెయ్యండి!" అంటూ గోపి దూకాడు.

సముద్రం గాలి చాపని కెమెరా మీదికి తోస్తోంది. అవతలివైపు నిలబడి, చేతులు పైకెత్తి, వెనక్కి లాగి పట్టుకోవాలి. అంటే గీత కనిపించే ఆకాశానికి వీపు పెట్టాలి. ఒక కాలు బురదలో దిగబడింది.

"వచ్చింది! నాన్నా, వచ్చింది!"

ఆడవాళ్లంతా ఒక్కసారి "అమ్మో!" అన్నారు. గోపి తల తిప్పబోయాడు. చాప జానెడు జారింది.

"గోపీ!" అని అరిచింది రాజీ. గారూ లేదు, గీరూ లేదు.

మళ్లీ తల తిప్పలేదు. క్లిక్, క్లిక్ మని కెమెరా పలుకుతోంది. "మా పిల్ల గీసిందిరా ఆ గీత!" అని ఏడుకొండలు ఏరు దద్దరిల్లేలా అరిచాడు. చాప అంచు పక్కనుంచి గోపికి కనిపించింది రాజీ ఒక్కతే. ఆకాశంలోకి చూస్తూ, బెదరకుండా, పని చేసుకుపోతున్న రాజీ. ఇలాంటి మనిషి పక్కన నిలబడ్డానని జీవితాంతం చెప్పుకోవచ్చు అనుకున్నాడు.

వెలుగు చెదిరిపోయాక చాప దించారు.

"చూశారా?" అంది రాజీ ఆయాసపడుతూ.

"లేదండీ."

"ఒక్కసారైనా?"

"మీరు అరిచారుగా." తల వంచుకున్నాడు. "తప్పు నాదండీ. గొప్పకి పోయి మీ కొంప ముంచబోయాను."

ఆమె ఏదో అనబోయింది. ఈలోగా ఏడుకొండలు గోపి భుజం మీద చెయ్యేశాడు. "గాలిలో చాప వదలని వాణ్ని మేం పస్తు పంపం అబ్బాయ్. రా, పులుసు తిందువుగాని. మావయ్యా అని కూడా పిలిచేశావుగా!"

చీకట్లో రాజీ నవ్విందో లేదో తెలియలేదు.

వేసవి మొదట్లో మళ్లీ వచ్చింది, జీపు లేకుండా, కృత్తివెన్ను బస్సులో. గట్టు మీదే ఒక పెద్ద ఫొటో గోపి చేతిలో పెట్టింది. నల్లటి ఆకాశంలో చుక్కల మధ్య మెలికలు తిరిగిన నారింజ గీత. తను వీపు పెట్టిన ఆకాశం.

"లెక్క తేలింది. రెండు కెమెరాలూ కలిశాయి," అంది. "సెమినార్‌లో నేనే చెప్పాను. ఎందుకప్పజెప్పారని అడిగినవాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు."

 ఆ చప్పట్లు తనకే కొట్టినట్టు గోపి పొంగిపోయాడు.

"ఇటు చూడండి," అని ఫొటో అడుగున వేలు పెట్టింది. చాప అంచు, దాన్ని బిగించి పట్టుకున్న గోపి పిడికిలి, లైటు వెలుగులో మసకగా. "ఈ ముక్క కత్తిరించెయ్యొచ్చు. నేను కత్తిరించలేదు. చెయ్యెవరిదని మా ప్రొఫెసర్ గారు అందరి ముందూ అడిగారు."

"ఏం చెప్పారు?"

"మా ఇంటి మనిషిదండీ అన్నాను." గోపి కళ్లలోకి సూటిగా చూసింది. "అంతమంది పెద్దవాళ్ల ముందు నేను అబద్ధమాడానా, నిజం చెప్పానా? అది తేల్చుకుందామనే వచ్చాను."

"నిజమే చెప్పావు రాజీ," అన్నాడు గోపి.