ముందు కూర్చునే మనిషి

"పాత మెకానిక్ చచ్చిపోయాడు," అన్నాడు బాస్.

"ఎలా?" అన్నాడు నత్త.

"నీళ్ళలో పడి."

"ప్రమాదమా?"

"వీపులో తూటా దిగింది. దాన్ని ప్రమాదమంటే పోలీసులు కూడా ఒప్పుకోరు. ఆ ఉద్యోగం ఇప్పుడు ఖాళీగా ఉంది. నువ్వు చేరుతున్నావు."

నత్త అన్నది డిపార్ట్‌మెంట్ పెట్టిన కోడ్ నేమ్. ఇల్లు వీపున వేసుకుని తిరుగుతాడు, ఎవరి జోలికీ పోడు, అతని జోలికీ ఎవరూ రారు. నిదానమని కూడా కొందరంటారు గానీ, వాళ్ళెవరూ అతని చేతి దెబ్బ తిన్నవాళ్ళు కారు.

బ్రీఫింగ్ ఎప్పటిలాగే టీ చల్లారేలోపు ముగిసింది. హార్బర్ చివర పడవలు అద్దెకిచ్చే కంపెనీ ఒకటుంది. పైకి కంపెనీ, లోపల విదేశీ ముఠా. దాని నాయకుడు వానైనా ఎండైనా తెల్ల బూట్లే తొడుగుతాడు కాబట్టి రికార్డుల్లో అతని పేరు తెల్లబూట్లు. ఒడ్డుకు కనుచూపు దూరంలో మన సర్వే షిప్ లంగరేసి ఉంది. దాని నిండా శాస్త్రవేత్తలు, సిబ్బంది, వంటవాళ్ళు. ముఠా కన్ను ఆ షిప్ మీద పడింది.

"లోపల మనవాళ్ళెవరైనా ఉన్నారా?" అడిగాడు నత్త.

"హంస ఉంది."

"మన మనిషేనా?"

బాస్ కళ్ళజోడు తీసి తుడిచాడు. సమాధానం తెలియనప్పుడు ఆయనకది అలవాటు. "వాళ్ళ రహస్యాలు మనకు చెప్తుంది. మన రహస్యాలు వాళ్ళకు చెప్తోందని అనుమానం. రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన మనిషి. ఫైలు చూసుకో."

ఫైల్లో ఫొటో ఉంది. సినిమా పోస్టర్ మీద వేయదగ్గ ముఖం. ఆమెకు వచ్చిన భాషలు, వాడే సెంటు, ఎత్తు, బరువు అన్నీ రాసి ఉన్నాయి. ఎవరి పక్షం అన్నచోట మాత్రం పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టారు.

వెళ్ళేముందు స్టోర్స్ ఆయన ఒక ప్లగ్ స్పానర్ చేతికిచ్చాడు. పిడిలో ట్రాన్స్‌మీటర్ ఉందట. "చాలా సున్నితం. కింద పడేయకు," అన్నాడు. స్పానర్‌ను సున్నితంగా వాడే మెకానిక్‌ను ఆయన ఎక్కడ చూశాడో మరి.

షెడ్డు రేకులది. ముందు నీళ్ళలోకి చొచ్చుకుపోయిన చెక్క వంతెన, దానికి కట్టిన రబ్బరు పడవలు. గాలి నింపడం, చిరిగితే అతుకు వేయడం, వెనక చెక్కకు ఇంజన్ బిగించడం నత్త పని. ఇంజన్ ఆ చెక్కకు నడిమధ్యన కూర్చోవాలి. ప్రొపెల్లర్ పైన ఉండే రేకు పడవ అడుగుతో సమంగా రావాలి. మరీ కిందికి దిగితే పడవ బరువుగా ఈడ్చుకుంటూ పోతుంది, పైకి లేస్తే ప్రొపెల్లర్ నీళ్ళు వదిలి గాలిని తిప్పుతుంది. ఇంజన్ వాలు సరిచేయడానికి ఒక పిన్ను ఉంటుంది. ఇదంతా నేర్చుకుంటే వచ్చేదే. అసలు చిక్కంతా బరువుతోనే. ఇంజన్ వెనకే, నడిపేవాడూ వెనకే. ఒక్కడే ఎక్కి వేగం కోసం హ్యాండిల్ తిప్పాడా, పడవ ముక్కు ఆకాశానికి లేస్తుంది. దానికి ఎదురుగాలి తోడైతే పడవ వెల్లకిలా తిరగబడుతుంది. అందుకని ముందు ఎవరో ఒకరు కూర్చోవాలి.

నత్తకు ఆ ఎవరో ఒకరు లేరు. పెద్ద డబ్బా నిండా నీళ్ళు పట్టి ముందు పెట్టేవాడు. దానికి బావగారని పేరు పెట్టుకున్నాడు. "బావగారూ, జాగ్రత్త, అల వస్తోంది," అనేవాడు. బావగారు మర్యాదస్తుడు, ఒక్కసారీ మారు మాట్లాడలేదు. సాయంత్రం షెడ్డుకు తిరిగొచ్చి, ఒక్కడికే వండుకుని, ఒక్కడే తిని, ఒకే కంచం కడిగి బోర్లించేవాడు. ఈ బతుకు తను ఏరికోరి తెచ్చుకున్నదే కాబట్టి ఎవరి మీదా కోపం లేదు. కానీ తడి చెప్పులతో నడుస్తున్నట్టు ఒంటరితనం మాత్రం అడుగడుగునా తెలిసేది.

కొన్ని వారాలకు హంస వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర స్కార్ఫ్, వంతెన చెక్కల సందుల్లో ఇరుక్కునే మడమల చెప్పులు.

"నాకు పడవ నడపడం నేర్పాలట," అంది.

నత్త చేతులు తుడుచుకున్నాడు. "ఈ ఇంజన్ పొద్దున్నే మొరాయిస్తుంది మేడమ్."

"బతిమాలితే కదులుతుందిలెండి."

కోడ్ సరిపోయింది. అయినా దొంగ తాళంచెవి కూడా తాళంలో సరిగ్గానే తిరుగుతుంది. నత్త ఏమీ తేల్చుకోలేక ఆమెను ముందు కూర్చోబెట్టి ఇంజన్ లాగి స్టార్ట్ చేశాడు. ముక్కు దిగింది, పడవ నీళ్ళ మీద సమంగా పరుచుకుని పరుగందుకుంది. నీళ్ళ డబ్బాతో ఎన్నడూ అలా పోలేదు.

రోజూ వచ్చేది. తర్వాత ఆమె వెనక కూర్చుని నడిపితే నత్త ముందు కూర్చునేవాడు. ఇంజన్‌కు ఒక ఎర్ర తాడు ఉంటుంది. దాని కొస నడిపేవాళ్ళు చేతికి కట్టుకోవాలి, మనిషి నీళ్ళలో పడితే తాడు ఊడి ఇంజన్ ఆగిపోతుంది. హంస రోజూ దాన్ని మరిచిపోయేది, నత్త రోజూ తిట్టేవాడు.

"మీకెవరూ లేరా?" అని ఒకరోజు అడిగింది.

"అక్క ఉంది. నేను విదేశాల్లో ట్రాక్టర్లు అమ్ముతున్నాననుకుంటుంది. మీకు?"

"నేను చనిపోయాననుకునే వాళ్ళున్నారు. బతికున్నానని తెలిసినవాళ్ళంతా నా మీద అనుమానం ఉన్నవాళ్ళే." ఆమె నవ్వింది గానీ అందులో నవ్వు లేదు. "తాడు కట్టుకున్నాను, చూశారా? ఈరోజు తిట్టడానికేం లేదు."

ఆ రోజు నుంచి నత్త ఆమె కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాడు. అది డిపార్ట్‌మెంట్ నిబంధనలకు విరుద్ధమని అతనికి తెలుసు. అయినా ఎదురుచూశాడు.

ఒక ఉదయం తెల్లబూట్లు స్వయంగా షెడ్డుకు వచ్చాడు. అతనితో వచ్చిన ఇద్దరు ఒక బరువైన పెట్టెను కారులోంచి తెచ్చి పడవలో దించి వెళ్ళిపోయారు.

"మేడమ్ ఈ పెట్టెను సర్వే షిప్‌కి తీసుకెళ్తుంది. వాళ్ళకు కావలసిన సామాను. ఈ పెట్టెకు, ఆమెకు సరిపోయేట్టు పడవను సర్దు."

"అలాగే సార్." నత్త పెట్టెను ముందు భాగంలో బిగించి, పిన్ను ఒక రంధ్రం మార్చాడు. "షిప్ దగ్గర పెట్టె దించేస్తారు కదా సార్, వచ్చేటప్పుడు ముందు ఖాళీ అయిపోతుంది. ఎదురుగాలి కూడా ఉంది. నీళ్ళ డబ్బా ఒకటి ఇస్తాను, అక్కడ నింపుకుని..."

"అక్కర్లేదు."

"మేడమ్ ఒక్కరే అయితే పడవ తిరగబడుతుంది సార్."

"వెళ్ళేదానికి సర్దమన్నాను. వచ్చేదాని గురించి నిన్నడిగానా?"

మెకానిక్ తల ఊపాడు. అతని లోపలున్న ఏజెంట్ మాత్రం లెక్క కట్టాడు. వచ్చే ప్రయాణమే లేదు. ఆ పెట్టె దిగదు. పెట్టె, పడవ, హంస, షిప్ అన్నీ కలిసే పోతాయి. ఆమె రెండు నాలుకలు తెల్లబూట్లకు తెలిసిపోయాయి, ఒకే దెబ్బకు రెండు పిట్టలు కొడుతున్నాడు.

నత్త షెడ్డు వెనక్కి వెళ్ళి స్పానర్ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"బాస్, పెట్టె షిప్‌కి వెళ్తోంది. బాంబు."

"తెరిచి చూశావా?"

"లేదు. తిరుగు ప్రయాణానికి బరువు వద్దన్నాడు."

"అంటే?"

"పడవ వెనక్కి రాదని అతనికి ముందే తెలుసు. నడిపే మనిషీ రాదు."

గరగరమంది స్పానర్. "గస్తీ బోటు పంపుతున్నా. అవతలి ఒడ్డు నుంచి రావాలి, టైం పడుతుంది. ఆలోపు షిప్‌ను కాపాడు."

"హంస?"

"ఎవరి మనిషో తెలియని మనిషి గురించి ఇప్పుడు ఆలోచించలేం. ఆమె పెట్టెతో పాటు పోతే ఫైలు మూసేస్తాం."

నత్త స్పానర్ జేబులో పెట్టుకున్నాడు. ఇంజన్ చెడగొట్టడం క్షణం పని. కానీ పక్కనే ఇంకా పడవలున్నాయి, తెల్లబూట్ల కోటు కింద పిస్తోలు ఉంది, హార్బర్ నిండా జనం ఉన్నారు. పైగా ఆమెను అలా వదిలేయడం తన వల్ల కాదని అతనికి స్పష్టంగా తెలిసింది. రేపు ఆమె రాకపోతే, ఎల్లుండి కూడా రాకపోతే, ఈ షెడ్డులో తను ఉండలేడు.

హంస వచ్చింది. నత్త లైఫ్ జాకెట్ అందించబోతే తెల్లబూట్లు అడ్డం పడ్డాడు. "వద్దు. షిప్ వాళ్ళు దూరం నుంచే ఆమెను చూసి చేతులూపాలి. ఆ సంచిలాంటిది తొడిగితే ఎవడు చూస్తాడు?"

ఆమె పడవలో దిగి చుట్టూ చూసింది. "పెట్రోల్ ట్యాంకు వెనక ఉందేంటి? రోజూ ముందు పెడతారుగా."

"ఈరోజు ముందు పెట్టె ఉందిగా మేడమ్. వెనకా కొంచెం బరువుండాలి. హ్యాండిల్ స్క్రూ కూడా గట్టిగా బిగించాను. మీరు చెయ్యి వదిలేసినా తిన్నగా పోతుంది."

ఆమె ఈసారి మరిచిపోకుండా ఎర్ర తాడు అందుకుంది.

"అది చేతికి కట్టుకోవద్దు," అన్నాడు నత్త.

ఆమె తలెత్తింది.

"ఈరోజు వద్దు మేడమ్. తిరుగు ప్రయాణానికి నీళ్ళ డబ్బా కూడా పెట్టలేదు. సారు వద్దన్నారు."

తెల్లబూట్లు వాచీ చూసుకుంటున్నాడు. హంస ఆ బూట్లను చూసింది, పెట్టెను చూసింది, చివరికి నత్తను చూసింది. తర్వాత ఫొటోలో నవ్వినట్టే నవ్వింది.

"సారు అన్నీ ఆలోచించే చేస్తారు," అని ఇంజన్ లాగింది.

పడవ కొంచెం ముక్కెత్తి, వెంటనే సర్దుకుని, నీళ్ళ మీద పరుగుతీసింది. నత్త జీవితంలో ఇంత చక్కగా ఏ పడవనూ సర్దలేదు. అర్థమైందో లేదో తెలియదు. అర్థమైనా తన మాట ఆమె నమ్ముతుందో లేదో తెలియదు. అసలు ఆమె ఎవరి మనిషో కూడా తెలియదు. ఎర్ర స్కార్ఫ్ తిన్నగా షిప్ వైపే వెళ్తోంది. షిప్ మీద ఎవరో చేతులూపుతున్నారు. తెల్లబూట్లు జేబులోంచి చిన్న రిమోట్ తీశాడు.

షిప్ పక్క నీడలోకి చేరబోతుండగా పడవ గిర్రున తిరిగింది. ముక్కు నడిసముద్రం వైపు పెట్టుకుని దూసుకుపోయింది.

"ఏం చేస్తోందిది?" అన్నాడు తెల్లబూట్లు. షిప్ ఇంకా మరీ దూరం కాలేదు. అతని బొటనవేలు బటన్ మీదికి వెళ్ళింది.

నత్త స్పానర్ ఆ మణికట్టు మీద దిగింది. రిమోట్ చెక్కల మీద ఎగిరి పడింది. తెల్లబూట్లు రెండో చెయ్యి కోటులోకి పోనిచ్చాడు. రెండో దెబ్బ మోచేతికి తగిలింది. రిమోట్ కోసం ఇద్దరూ వంగారు, దొర్లారు, పెనుగులాడారు. నత్త అతన్ని పట్టి వెనక్కి లాగుతుంటే తెల్లబూటు మడమ సరిగ్గా బటన్ మీద పడింది.

దూరంగా సముద్రం తెల్లగా పైకి లేచింది. శబ్దం తర్వాత వచ్చింది. షిప్ ఒక్కసారి ఊగి మళ్ళీ నిలదొక్కుకుంది.

నత్త తెల్లబూట్లను వంతెన స్తంభానికి కట్టేశాడు. స్పానర్ రెండు దెబ్బలకు బాగుపడిందో ఏమో, మొదటిసారి స్పష్టంగా పలికింది. "షిప్ సేఫ్. శభాష్ నత్తా."

నత్త నీళ్ళ వైపు చూశాడు. ఆమె దూకడం అతను చూడలేదు.

మిగిలిన పడవ ఒకటి విప్పుకుని బయల్దేరాడు. డబ్బా నింపే తీరిక లేదు. హ్యాండిల్ తిప్పితే ముక్కు లేచిపోతోంది, తగ్గిస్తే పడవ పాకుతోంది. ఒక చెయ్యి హ్యాండిల్ మీద ఉంచి, వీలైనంత ముందుకు వాలి, పళ్ళు బిగించి వెళ్ళాడు. నీళ్ళ మీద రబ్బరు ముక్కలు కనిపించాయి. ఎర్ర స్కార్ఫ్ కనిపించింది. అందులో మనిషి లేదు. అతనికి పిలవాలనిపించింది, కానీ ఆమె అసలు పేరు తెలియదు. "మేడమ్" అని అరిచాడు. గొంతు పగిలేదాకా అరిచాడు.

"ఇటు," అంది ఎవరో, బాగా ఎడమ వైపు నుంచి.

ఆమె చెక్క తెడ్డును కావలించుకుని ఉంది. నత్త చంకల కింద చేతులేసి పడవలోకి లాగాడు. చాలాసేపు దగ్గింది.

"ఫైల్లో నా సెంటు పేరు కూడా ఉంటుంది కదా," అంది చివరికి. "ఈత రాదని లేదా?"

నత్త బరువులన్నీ లెక్క వేశాడు, ఈ ఒక్క మాట అడగలేదు. "రాకుండానే దూకారా?"

"రోజూ తాడు కట్టుకోమని తిట్టే మనిషి వద్దన్నాడు. నేను బతకాలని కోరుకునేవాళ్ళు ఒకరున్నారనిపించింది. అదే చాలనుకుని తెడ్డు పట్టుకుని దూకాను."

గస్తీ బోటు వంతెన దగ్గరికి వచ్చి ఆగింది. యూనిఫాం వాళ్ళు దిగి వరసగా నిలబడ్డారు. ఆమెను తీసుకెళ్ళి ఏదో కిటికీల్లేని గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తారు. పడవను షిప్‌కి దూరంగా తిప్పింది ఆమేనని నత్త చెప్తాడు, ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు చెప్తాడు. ఆ తర్వాత అతన్ని ఇంకో ఊరికి, ఇంకో పేరుతో పంపుతారు. ఇద్దరూ మళ్ళీ కలుసుకునే ఏర్పాటు మాత్రం ఏ డిపార్ట్‌మెంట్‌లోనూ లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఎక్కడ కూర్చోను?" అంది హంస.

"ముందు."

ఆమె జరిగి ముందు కూర్చుంది. ముక్కు దిగింది, పడవ సమంగా నిలిచింది. ఇంజన్ హాయిగా మోగుతోంది, హ్యాండిల్ కాస్త తిప్పితే చాలు, ఎగిరిపోతుంది. నత్త దాన్ని ఇంకా తగ్గించాడు. ఆమె వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ ఒడ్డు వైపు తిరిగింది.

"నత్తా," అంది స్పానర్. "గస్తీ బోటు వాళ్ళకు బైనాక్యులర్స్‌లో కనిపిస్తున్నావట. ఎదురుగాలి కూడా తగ్గింది. ఇంకా అక్కడే ఉన్నావేంటి?"

"ఇంజన్ ట్రబుల్, బాస్," అన్నాడు మెకానిక్.