వీపు తిప్పిన సింహం

"సింహాన్ని అటు తిప్పినావేంది?"

ఎలీషబాతో నేను మాట్లాడిన మొదటి మాట ఇది. ప్రేమకథకు ఇంతకన్నా మంచి మొదలు ఉంటుందని నాకూ తెలుసు. కానీ అప్పుడు నేను ప్రేమలో లేను, మేనేజరుగిరీలో ఉన్నాను.

మార్కాపురంలో మాది పలకల ఫ్యాక్టరీ. బడిపిల్లలు పలకలు మానేశాక రాతి మీద బొమ్మలు చెక్కి విదేశాలకు పంపుతున్నాం. ఆ ఏడు జర్మనీ నుంచి ఒక ఆర్డరు వచ్చింది. ఐబెన్‌టాల్ అని ఏడువందల ఏళ్ల జమీందారీ వంశం. వాళ్లబ్బాయి పెళ్లి. కోట గుమ్మం మీద పెట్టడానికి ఒకే పలక మీద రెండు వంశాల డాళ్లు, అంటే వాళ్ల వంశచిహ్నాలు, చెక్కాలి. ఎడమవైపు పెళ్లికొడుకు వంశానిది, సింహం. కుడివైపు పెళ్లికూతురి వంశానిది, మూడు సుత్తులు.

ఆ రోజు నుంచి మా నాయన కోటేశ్వరరావుకు వంశగౌరవం పట్టుకుంది. వాళ్లు పంపిన రెండు డాళ్ల ఫొటోలూ గోడకు తగిలించి రోజూ అగరుబత్తి చూపించేవాడు. మనకూ ఒక డాలుండాలన్నాడు. గిద్దలూరు డీటీపీ సెంటరులో చేయించాడు: రెండు సింహాలు, ఒక కిరీటం, నడుమ తక్కెడ, కింద మా ఫోన్ నంబరు. అది విజిటింగు కార్డు ఎక్కింది, కారు అద్దం ఎక్కింది, చివరికి మా ఇంటి స్టీలు క్యారియరు కూడా ఎక్కింది.

"ఫొటోలో సింహం ఎడమకు చూస్తా ఉంది. నువ్వు కుడికి చెక్కినావు," అన్నాను, పనివాళ్లంతా వినేట్టు.

ఎలీషబా ఉలి దించలేదు. యర్రగొండపాలెం పక్క పల్లె వాళ్లది. చేత్తో చెక్కడంలో ఆమెను మించినవాళ్లు మా దగ్గర లేరు.

"ఒక్క డాలయితే ఎడమకే సార్. మొగుడూ పెండ్లాల డాళ్లు పక్కపక్కన పెడితే, మొగుని సింహం పెండ్లాం దిక్కు తిరగాలంట. అది వాళ్ల మర్యాద. వాళ్లు పంపిన పీడీఎఫ్‌లో ఉంది, ఇరవయ్యారో పేజీ. ఫోనులో తెలుగు చేసుకుని చదివినా."

"నాకు చెప్తావా? ఎంబీఏ చేసినా నేను."

"అందుకే చదవలేదేమో సార్."

ముప్పైమంది నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. కొత్త రాయి తీసుకుని ఫొటోలో ఉన్నట్టే చెక్కమని హుకుం జారీ చేశాను.

రెండో పలకకు మూడు వారాలు పట్టింది. ఆమె తప్పు పట్టుకోవాలని పక్కనే కుర్చీ వేసుకుని ఆ పీడీఎఫ్ నలభై పేజీలూ నేనూ ఫోనులో అనువాదం చేసుకుంటూ చదివాను. నిజానికి పేజీలకన్నా ఆమెనే ఎక్కువ చూశాను. చెక్కేటప్పుడు కనురెప్పల మీద రాతిపొడి పడుతుంది. తుడుచుకోమని చెప్పాలనిపించేది. చెబితే చూస్తున్నానని తెలిసిపోతుంది.

"సార్, మీ డాలు మీద సింహాలెందుకు?"

"రాజసం."

"మా దిక్కు నల్లమలలో పులన్నా ఉంది. మార్కాపురం షావుకార్లకు సింహం యాడ కనపడింది సార్?"

"సరే, మీ వంశానికి డాలు చేస్తే ఏం పెడతావు?"

"మా తాతల పేర్లు చర్చి రిజిస్టరులో మూడు తరాలకే ఉన్నాయి సార్. అంతకు ముందోళ్లను ఎవురూ రాసుకోలేదు."

నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

ఇరవయ్యారో పేజీ పదో రోజు వచ్చింది. ఆమె చెప్పిందే నిజం. ఒప్పుకోవడానికి రెండుసార్లు నోరు తెరిచాను. ఓసారి ఆవలించినట్టు నటించాను, ఇంకోసారి టీ కావాలా అని అడిగాను.

పలక పూర్తయి ఫొటో పంపిన మర్నాడు జర్మనీ నుంచి ఐబెన్‌టాల్ వాళ్ల పెద్ద దొరసాని వీడియో కాల్ చేసింది. నాయన చొక్కా మార్చుకుని కూర్చున్నాడు.

"ఏడువందల ఏళ్లలో మా వాళ్లు ఊళ్లు తగలబెట్టారు, బావమరుదుల్ని చెరలో పెట్టారు," అందావిడ ఇంగ్లీషులో, చల్లగా. "భార్యకు వీపు చూపించే డాలు మాత్రం చెక్కించలేదు. ఇది మాకొద్దు."

కాల్ కట్టయింది.

"ఎవురు చెక్కినారు?" అన్నాడు నాయన.

"ఎలీషబా," అన్నాను. అబద్ధం కాదు మరి.

"కూలోళ్ల పిల్లకు వంశాల సంగతేం తెలుస్తాది? రేపట్నుంచి రావద్దను."

ఆమె గుమ్మంలోనే ఉంది. నావైపు చూసింది. ఆగింది. నేను ఫోను చూసుకున్నాను. ఉలులు గుడ్డలో చుట్టుకుని, వాన పడుతుండగానే బస్టాండుకు వెళ్లిపోయింది.

రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. మూడో రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పేశాను.

"నాయనా, తప్పు నాది. ఆ పిల్ల చెప్పింది, నేనే వినలేదు. ఇంకో మాట. ఆమెనే పెండ్లి చేసుకుంటా."

నాయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "వాళ్ల వంశమేంది, మన వంశమేందిరా?"

"ఆ జర్మనీ పెండ్లికూతురి మూలపురుషుడు గనిలో రాయి కొట్టిన కూలోడు. పీడీఎఫ్‌లో ఉంది. ఆ మూడు సుత్తులు ఆయనవే. నువ్వు రోజూ ఆ ఫొటోకే అగరుబత్తి చూపిస్తా ఉండావు."

మజ్జిగ పోస్తున్న నాయనమ్మ సామ్రాజ్యం గిన్నె కింద పెట్టింది. "కోటేశూ, మీ నాయన సైకిలు మీద పల్లెలు తిరిగి ఇంగువ అమ్మినాడు. ఎండకు కళ్లు తిరిగి పడితే ఆ కూలోళ్లే నీళ్లు తాపి బతికించినారు. ఆ పొద్దు వాళ్లు వంశం అడిగుంటే నువ్వు పుట్టేటోనివా?"

నాయన ఆ గిన్నె అందుకుని, తల వంచుకుని మజ్జిగన్నం పూర్తి చేశాడు.

ఆ సాయంత్రమే ఎలీషబా వాళ్ల పల్లెకు వెళ్లాను. వాళ్ల నాన్న ప్రకాశరావు మంచం వాల్చి "కూర్చో నాయనా" అన్నాడు. ఆమె నిలబడే ఉంది.

"నా తప్పని నువ్వు అనలేదు. కాదని కూడా అనలేదు," అంది. "పదిమందిలో అరిచినావు గదా. నిజం కూడా ఆడనే చెప్పు."

మర్నాడు పొద్దున్నే వచ్చింది. మిషన్లన్నీ ఆపించాను.

"మొదటి పలకే కరెక్టు. దాన్నే పూర్తి చేసి పంపుతున్నాం. ఆ సంగతి నాకు ముందే తెలుసు. పరువు పోతుందని దాచినా. నింద ఎలీషబా మీద పడతా ఉంటే నోరు మూసుకున్నా. ఆమె అంటే నాకు ప్రాణం. ఇది కూడా అందరూ వినాలనే చెప్తా ఉండా."

అందరూ ఆఫీసు గుమ్మంలో ఉన్న నాయన వైపు చూశారు. ఆయన మెల్లగా ఎలీషబా దగ్గరికి నడిచొచ్చాడు.

"మీ నాయన ఇంట్లో ఏ పొద్దుంటాడమ్మా? వచ్చి మాట్లాడతా."

"ఆదివారం ప్రార్థన అయినంక ఉంటాడు సార్. కానీ ముందు నన్ను అడగాల గదా," అంది, నావైపు తిరిగి.

అడిగాను.

"రేపు మీ చుట్టాలెవురో ఒక మాటంటే?"

"మాట్లాడతా."

"గొంతు వణకదా?"

"వణుకుతాది. అయినా మాట్లాడతా."

"వణికితే వణకనీ. నాకు వినపడితే చాలు," అంది.