తెర మీద రెండు చుక్కలు

పొందూరు ఖద్దరు దుకాణం ఎదుట ఆటో ఆపి, డ్రైవర్ ఖాకీ చొక్కాలో ఉన్న ఏజెంట్ బెన్హర్ ఇయర్‌పీస్ సర్దుకున్నాడు.

"మన ఇన్‌ఫార్మర్‌ని పొద్దున్నే కాల్చేశారు," విజయనగరం నుంచి చీఫ్ జ్ఞానానందం గొంతు. "పోతూ పోతూ ఒక్క పేరు చెప్పాడు. రేఖ. విదేశీ ముఠా మనిషి. మిస్సైల్ శాస్త్రవేత్త గణపతిరావుగారు పంచెలు కొనడానికి అక్కడికొస్తున్నట్టు మన ముగ్గురికే తెలుసు. మరి ముఠాకి ఎలా తెలిసింది?"

మూడో మనిషి షీబా. లోపల సేల్స్‌గర్ల్ వేషంలో ఉంది. వచ్చే నెలలో బెన్హర్‌కి భార్య కాబోతోంది.

బెన్హర్ ట్యాబ్లెట్ తెరిచాడు. మనుషులు, ఫోన్లు, ఇళ్ళు అన్నీ చుక్కలు, వాటి మధ్య సంబంధాలు గీతలు. ఒకే మనిషి వేర్వేరు చోట్ల కనిపిస్తే ఆ చుక్కలన్నింటికీ సాఫ్ట్‌వేర్ ఒకే రంగు వలయం చుడుతుంది. రేఖ చుక్కను తాకాడు. అదొక్కటే వెలిగింది. కింద చిన్న గమనిక: ఇదీ మరో చుక్కా ఒకే మనిషన్న సూచనను తిరస్కరించారు. యూజర్, షీబా.

ఆ తిరస్కారాన్ని రద్దు చేశాడు. రేఖ చుట్టూ పచ్చ వలయం వచ్చింది. తెర చివర, ఏజెంట్ల వరుసలో, ఇంకో చుక్కకీ అదే పచ్చ. షీబా. ఇద్దరికీ తల్లి దాలమ్మ, ఊరు చీపురుపల్లి.

తమ చర్చి సంఘంలో బడిలో ఒక పేరు, బాప్తిస్మంలో ఒక పేరు మామూలే. తనూ బడిలో ధర్మేంద్రే. షీబాను తమ గూఢచారి సంస్థకు సిఫారసు చేసింది కూడా తనే. మనవాళ్ళ పిల్లే కదా, బడి సర్టిఫికెట్ ఎందుకని బాప్తిస్మ పత్రంతోనే పని కానిచ్చేశాడు. ఎంత వెర్రివాణ్ణి అనుకుంటూ లోపలికి పరిగెత్తాడు.

గణపతిరావు అప్పుడే పంచెల పొట్లం అందుకుంటున్నాడు.

"రేఖా!"

షీబా చప్పున తిరిగింది. తిరిగాక తెలిసొచ్చింది, దొరికిపోయానని.

"నీకు సెప్దామనుకున్నాను బావా."

"ఎప్పుడే? పెల్లయ్యాకా?"

ఆమె స్తంభం చాటుకు జరిగింది. వేలు చేతి వాచీ మీదికి పోయింది. బెన్హర్ జేబులోని, సిగ్నళ్ళను అడ్డుకునే పెన్ జామర్‌ని నొక్కాడు. మరుక్షణమే ఆమె బటన్ నొక్కింది. పొట్లం పేలలేదు. బెన్హర్ దాన్ని లాక్కుని మడతల్లోని డిటొనేటర్ తీగ పీకేశాడు.

అతను ఆ పొట్లానికి మూరెడు దూరంలో నిలబడి ఉన్నాడు. అది చూస్తూనే ఆమె నొక్కింది. ముఠాకు అమ్ముడుపోవడం కన్నా ఆ నొక్కుడే అతని గుండెను కోసింది.

"ఏటి, నేనూ పోయినా పర్లేదనుకున్నావా?"

చీఫ్ పంపిన పోలీసులు వచ్చి ఆమెను తీసుకెళ్ళారు.

"శభాష్!" అన్నాడు చీఫ్ ఇయర్‌పీస్‌లో. "రేపట్నుంచి సెలవు తీసుకో."

"తీసుకుంటాను సార్. ఆదివారం చర్చిలో మా పెళ్ళి ప్రకటన చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి చెప్పాలట. ముందు లేవాల్సింది నేనే."