ఏసీ రూము ముందు చెప్పులు

నల్లగొండ నుంచి హాలియా పోయే రోడ్డు మీద, ఊరు దాటగానే గుట్ట వారన ఒక ప్రైవేటు పీజీ కాలేజీ ఉండేది. దాని లైబ్రరీలో పుస్తకాలు తక్కువ, ఖాళీ అల్మారాలు ఎక్కువ. 1998లో ఎవరొచ్చినా యాజమాన్యం చూపించేది మాత్రం లైబ్రరీ చివరన, వసారాలోకి తలుపున్న ఏసీ రూమునే. అందులో రెండు కంప్యూటర్లు, సీడీలు పెట్టే ఒక ఇనుప బీరువా. దుమ్ము రాకూడదని కిటికీలకు ఇటుకలు కట్టించి సున్నం వేశారు. తలుపు అంచుల చుట్టూ నల్ల రబ్బరు పట్టీ బిగించారు. తలుపుకు పుస్తకమంత వెడల్పున మందపాటి అద్దం ఉండేది. పక్కన గోడ మీద ఎర్ర రంగుతో రాశారు: చెప్పులు బయట విడువవలెను.

ఆ రూములో మా చెల్లె షరీఫా పని చేసేది. ఢిల్లీ నుంచి ఒక కంపెనీ విదేశీ పత్రికలను కట్టగట్టి సీడీల మీద పంపేది. ఒక్కో ప్యాకేజీలో వందల పత్రికలు. ఏ పత్రిక ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఏ డిస్కులో ఉందో కంప్యూటర్‌లో రికార్డు ఎక్కించాలి. కంపెనీ ప్రతిసారీ కొన్ని పత్రికలు కలిపేది, కొన్ని తీసేసేది. తీసేసిన వాటి రికార్డు కూడా తీసేయాలి. లేకపోతే పిల్లలు వచ్చి అడుగుతారు, డిస్కు పెడితే ఏమీ ఉండదు.

సోమవారం యూనివర్సిటీ నుంచి తనిఖీ కమిటీ రావాల్సి ఉంది. రికార్డులు సరిగ్గా ఉంటే షరీఫా ఉద్యోగం పర్మినెంటు చేయిస్తానని లైబ్రేరియన్ లియాఖత్ అలీ సాబ్ మాటిచ్చారు. తప్పు దొరికితే ఆ నెలతో సరి. మా ఇంట్లో అమ్మ, నేను, షరీఫా. నేను ఒక దినపత్రికకు వార్తలు రాసేవాణ్ని. ఆ పనికి జీతం అనే మాట వర్తించదు.

షరీఫా కంటే ముందు ఆ కుర్చీలో ఇస్రాయేలు అనే అతను ఉండేవాడు. అచ్చంపేట వైపు మనిషి. ఉబ్బసం ఉంది. పెళ్లి కాలేదు, కిరాయి గదిలో ఒక్కడే ఉండేవాడు. దసరా సెలవులు ఇచ్చిన రోజు గడియారం సెంటర్‌లో కొత్త తోలు చెప్పులు కొన్నాడు. లైబ్రరీ ముందు చెప్పులు పోవడం మామూలే కాబట్టి వాటిని చేతిలో పట్టుకుని ఏసీ రూములోకి వెళ్లాడు. సాయంత్రం అటెండర్ కురుమయ్య వచ్చి చూశాడు. బయట చెప్పులు లేవు. చెప్పులు లేవంటే మనిషి లేడని లెక్క. అందరూ అలాగే చూసేవారు. కురుమయ్య తాళం వేసి, కరెంటు మెయిన్ ఆఫ్ చేసి ఊరికి పోయాడు. సెలవులు అయ్యాకే తలుపు తెరిచారు.

వార్త నేనే రాశాను. పంచనామా కూడా చూశాను. తలుపు రబ్బరు పట్టీ లోపలి వైపు చేయి అందినంత ఎత్తు దాకా గోళ్లతో పీకి ఉంది. చెప్పులు గడప దగ్గర పక్కపక్కనే ఉన్నాయి, ముందు భాగం తలుపు వైపు పెట్టి.

ఆ శనివారం మధ్యాహ్నం నుంచే మబ్బు. పొద్దు గూకే వేళకు వాన మొదలైంది. షరీఫాను తీసుకుపోదామని స్కూటర్ మీద వెళ్లాను. కురుమయ్య ఏసీ రూము బయట గోడకు ఆనుకుని బీడీ వెలిగించకుండా పట్టుకుని కూర్చున్నాడు. ఇస్రాయేలు పోయినప్పటి నుంచి ఆయన తలుపు తెరిచి, పేరు పెట్టి పిలిచి, జవాబు లేదని తేలాకే తాళం వేసేవాడు. తాళం వేశాక కూడా కాసేపు నిలబడేవాడు.

షరీఫా తలుపు తెరిచి తల బయటకు పెట్టింది. లోపలి చల్లగాలితో పాటు తడిసిన తోలు వాసన వచ్చింది.

"ఒక్క డిస్కు ఉన్నది భాయ్. అయిపోతె పోదం."

"పొద్దున్నే అయిపోయిందంటివి గద."

"అయింది. తీసేసిన రికార్డులు మల్ల వచ్చినయి. మూడు రోజుల సంది ఇదే కథ. సాయంత్రం తీసేస్త, తెల్లారి వచ్చేసరికి ఉంటయి. ఎక్కించినోల్ల పేరు ఇస్రాయేలు అనే ఉంటది. పాత ఫైలు సరిగ పోతలేదంటరు లియాఖత్ సాబ్."

కురుమయ్య కూర్చున్న చోటు నుంచే నవ్వాడు. "గొర్ల లెక్క పత్రికలను లెక్కవెట్టుడేంది షరీఫమ్మ? దినాం గిదే పనా?"

"నువ్వు గొర్లు కాసినోనివే గద తాతా. అమ్మిన గొర్రె తెల్లారి మందల కనవడ్తె ఏం జేస్తవ్?"

ఆయన నవ్వు ఆగింది.

"దాన్ని ముట్ట," అన్నాడు.

షరీఫా లోపలికి పోయింది. అప్పుడు కింద చూశాను. ఆమె నీలం పట్టీల హవాయి చెప్పులు, ఒక పట్టీకి పిన్నీసు. వాటి పక్కన ఇంకో జత. మగవాళ్లవి, గోధుమ రంగు తోలువి. బయట వాకిలంతా బురద. వాటికి మాత్రం బురద అంటలేదు.

"లోపల ఇంకెవరున్నరు?" అని అడిగాను.

కురుమయ్య నా ముఖం చూశాడు.

"మీకు గూడ కనవడ్తున్నయా సారూ," అన్నాడు నెమ్మదిగా. "ఆ బిడ్డను బైటికి పిలువున్రి."

పిలిచేలోపే కరెంటు పోయింది.

వాన చప్పుడు పెరిగింది. లోపల కంప్యూటర్ కింది యూపీఎస్ పెట్టె కీచుకీచుమంటోంది. తలుపు తోసి రమ్మన్నాను.

"ఇప్పుడు లేస్తె ఇయ్యాల చేసిందంత పోతది భాయ్. సగంల ఉన్నది. జర జనరేటర్ ఎయ్యమను," అంది. తెర వెలుగులో ఆమె ముఖం ఒక్కటే కనిపించింది. "సోమవారం ఏం చూపెట్టాలె?"

జనరేటర్ బిల్డింగ్ వెనుక రేకుల షెడ్డులో ఉంది. కురుమయ్య హ్యాండిల్ తిప్పుతుంటే ఎవరో ఒకరు టార్చి పట్టాలి. తలుపు మూసుకోకుండా స్టూలు అడ్డం పెట్టాను. కురుమయ్య తాళంకప్ప తన జేబులో వేసుకున్నాడు. నేను చూస్తుండగానే వేసుకున్నాడు.

జనరేటర్ అంటుకోలేదు. డీజిల్ ఉంది. హ్యాండిల్ తిరుగుతోంది. ఇంజిన్ దగ్గినట్టు దగ్గి ఆగిపోతోంది. ఇంక వదిలేసి రమ్మని కురుమయ్యకు చెప్పాను.

తిరిగి వచ్చేసరికి యూపీఎస్ చప్పుడు లేదు.

స్టూలు గోడ దగ్గర, దాని స్థలంలో ఉంది. తలుపు మూసి ఉంది. గడప ముందు చెప్పులు లేవు. ఒక్క జత కూడా లేదు. గొళ్లేనికి తాళం వేలాడుతోంది.

కురుమయ్య జేబులో చెయ్యి పెట్టాడు. తన తాళంకప్ప బయటకు తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"నాది నా తానే ఉన్నది సారూ..."

గొళ్లేనికి ఉన్న తాళం పట్టుకున్నాను. మంచులా చల్లగా ఉంది. గుంజాను. స్టూలెత్తి కొట్టాను. కాలు విరిగింది, తాళం కదల్లేదు.

"షరీఫా..."

 రబ్బరు పట్టీ దాటి లోపలి చప్పుడు బయటకు రాదు. బయటి చప్పుడు లోపలికి పోదు.

అద్దం మీద టార్చి వేశాను.

ఆమె తలుపుకు అవతల నిలబడి ఉంది. నాకు జానెడు దూరం. కళ్లు తెరిచే ఉన్నాయి. వెలుగు నేరుగా ముఖం మీద పడుతున్నా రెప్ప వాల్చలేదు. పెదవులు కదులుతున్నాయి. రెండు చేతులూ తలుపు అంచున ఉన్నాయి. వేళ్లు రబ్బరును పట్టుకుని... పీకుతున్నాయి. నెమ్మదిగా. కింది నుంచి పైకి.

అద్దం మీద కొట్టాను. పిడికిలితో, టార్చి వెనుక భాగంతో. ఆమె చూడలేదు. నన్ను దాటి వసారా చూస్తోంది. అక్కడ ఎవరూ లేనట్టు... అందరూ సెలవులకు పోయినట్టు.

కురుమయ్య నేల మీద కూలబడి రెండు చేతులూ జోడించాడు.

"ఇస్రాయేలు బిడ్డా... నాకు చెప్పులు కనవడలే. కండ్లార చూసిన బిడ్డా, కనవడలే..."

ఎంతసేపో చెప్పలేను. ఆమె పెదవుల కదలిక తగ్గింది. నోరు తెరుచుకునే ఉంది. నోటి ముందు అద్దానికి ఆవిరి పట్టలేదు. నా వైపు మాత్రం పట్టింది. నేను చేయగలిగిందల్లా టార్చి పట్టుకోవడమే.

కరెంటు వచ్చింది.

గొళ్లేనికి తాళం లేదు. చెయ్యి ఆనించగానే తలుపు తెరుచుకుంది.

షరీఫా కుర్చీలో కూర్చుని ఉంది. తెర వెలుగుతోంది.

"అయిపోయింది భాయ్," అంది. "ఇగ పోదం."

చివరి డిస్కులోని పత్రికలన్నీ ఎక్కి ఉన్నాయి. తీసేయాల్సినవి ఒక్కటీ లేవు. ఆమె చెప్పులు లోపల గడప పక్కన ఉన్నాయి, ముందు భాగం తలుపు వైపు.

"ఎవరు తెచ్చిండ్రు ఇవి?" అంది. "నేను బైటనే ఇడిసిన గద."

ఆమె గోళ్ల సందుల్లో నల్లగా ఉంది. కార్బన్ పేపర్ అంటిందేమో అని కొంగుకు తుడుచుకుంది. కురుమయ్య ఆ రోజు తాళం వేయలేదు. తలుపు బార్లా తెరిచి, తాళంచెవుల గుత్తి గడప మీద పెట్టి వానలో వెళ్లిపోయాడు. ఆ తర్వాత పనికి రాలేదు.

షరీఫాను వెనక ఎక్కించుకుని బయలుదేరాను. స్కూటర్ మామూలు కంటే బరువుగా నడిచింది. వాన వల్ల అనుకున్నాను.

ఇంటి ముందు చెప్పులు విడిచి లోపలికి పోయాం. నేను వెనక గదిలో తడి బట్టలు మార్చుకుని వచ్చేసరికి మా అమ్మ లాడ్లీ బేగం అన్నాలకు కింద దస్తర్ఖాన్ గుడ్డ పరుస్తోంది. షరీఫా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"మీతోని వచ్చిన పిలగాడు తింటడా, తిని వచ్చిండా?" అని అమ్మ అడిగింది.

"ఎవరమ్మా?"

"నాకేం ఎరుక. బైట మూడు జతలు ఉన్నయి గద. నీవి, దీనివి, ఇంకోటి. కొత్త తోలుయి, ఇంత వానల బురద గూడ అంటలే. ఎవరన్న ఎత్తుకపోతరని నేనే లోపల పెట్టిన."

తలుపు పక్కన చూశాను. గోధుమ రంగు జత గడప లోపల ఉంది, ముందు భాగం తలుపు వైపు పెట్టి.

"గడియ పెట్టకమ్మా," అంది షరీఫా. చాలా మెల్లగా.

అప్పటికే అమ్మ గడియ పెట్టింది.

మేం ముగ్గురం ఒక్క చోటే ఉన్నాం. తలుపు దగ్గర ఎవరూ లేరు. వాన వెలిసింది. ఆ నిశ్శబ్దంలో తలుపు కింది మూల నుంచి రబ్బరు పీకుతున్న చప్పుడు మొదలై నెమ్మదిగా పైకి పోతోంది.

మా తలుపు వేపచెక్కది. దానికి రబ్బరు లేదు.