అట్టపెట్టె కవచం

ఉగ్గాని ప్లేటు ముందు కూచున్న శ్రుతి పెదవి మీది నుంచి మీసం జారి ప్లేటులో పడింది. నల్ల ఊలుతో చేసిన మీసం. నూనె అంటుకుని, మిరపకాయ బజ్జీ పక్కన గొంగళిపురుగులా కనిపించింది.

"అమ్మా! రాజు మీసం మళ్ళీ పడిపాయె!"

పద్మశ్రీ వంటింట్లోంచి పరుగున వచ్చింది. అంతలోనే అత్త సుభద్రమ్మ ఆ మీసాన్ని రెండు వేళ్ళతో ఎత్తి బయట పడేసింది.

"ఆడపిల్లకి మీసాలేంది? రాణి వేషం వేస్తే రాదా?"

"రాణికి మాటలే లేవవ్వా. సినిమాలో మాదిరి రాజే అరవాల. నా గొంతే పెద్దదని మిస్సు చెప్పింది."

"నీ గొంతు సంగతి బళ్ళారంతా తెలుసులేమ్మే. సాకు, ఇంగ చాలు, తిను."

స్కూల్ డే శనివారం. శుక్రవారం పొద్దున వేషం వేసుకుని రాకపోతే రాజు పాత్ర ఇంకొకరికి ఇస్తానని టీచరు ముందే చెప్పేసింది. కౌల్ బజారులో అద్దె బట్టలు చూసొచ్చింది పద్మశ్రీ. అన్నీ పెద్దవాళ్ళ కొలతలే. కవచం శ్రుతి మోకాళ్ళ కిందికి దిగింది, పైగా ఎవరిదో చెమట వాసన. కొత్తది కుట్టించమని భర్తను అడిగితే, చక్రధర్ లారీ తాళాలు వెతుక్కుంటూ, "అమ్మ వద్దంటాంటే నేనెట్లా డబ్బిచ్చేది? నీకు చేతనైతే చేసుకో," అని సండూరు వైపు గనికి వెళ్ళిపోయాడు.

"చేస్తాను," అంది పద్మశ్రీ, అతను వెళ్ళిపోయాక, ఖాళీ గుమ్మంతో.

టీవీ వచ్చిన అట్టపెట్టెను కత్తిరించి గుండెకూ వీపుకూ రెండు పలకలు చేసింది. లారీ పాత ట్యూబు కోసి భుజాల పట్టీలు కట్టింది. సోడా మూతలు బోర్లించి మేకుల్లా అతికించింది. సన్నటి చెక్క కత్తి అయింది. అట్ట రెండుసార్లు విరిగింది. రెండుసార్లూ మైదా బంకతో గుడ్డ పొరలు అతికించి నిలబెట్టింది.

గురువారం మధ్యాహ్నం, లారీ చక్రాలకు వేయగా మిగిలిన వెండి రంగు పూసింది. బయట ఖనిజం లారీలు ఆగకుండా పోతున్నాయి. ఆ దుమ్ముకే దగ్గు పట్టుకుని, బడి మానిన శ్రుతి లోపలి గదిలో నిద్రపోతోంది. పిల్ల కోసం ఎప్పుడూ మూసి ఉంచే కిటికీలను ఇంకోసారి నొక్కి చూసి, కవచాన్ని ఆ గదిలోనే ఆరబెట్టి పాల కోసం వెళ్ళింది.

తిరిగి వచ్చేసరికి కవచం గదిలో లేదు.

మిద్దె మీద ఉంది. తడి వెండి రంగు మీద ఎర్రదుమ్ము మందంగా దిగింది. పద్మశ్రీ వేలితో తుడవబోతే రంగూ దుమ్మూ కలిసి ముద్దగా వచ్చాయి.

"అత్తా!" ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఈడ ఎవరు పెట్టినారు?"

"నేనే. ఏం?" అంటూ మెట్లెక్కి వచ్చింది సుభద్రమ్మ.

"వద్దని నోటితో చెప్పినారు, చాల్లేదా? చేత్తో కూడా చెడగొట్టల్లా?"

"చెడగొట్టేదానికా తెచ్చింది? కిటికీలన్నీ మూసి, లోపల ఆ పెయింటు కంపు! నిద్రలో పిల్ల ఊపిరాడక దగ్గుతాంటే చూస్తా కూచోమంటావా? తల్లివి, అది తెలీదా నీకు?"

పద్మశ్రీ కవచాన్ని చేతికెత్తుకుంది. కవచం పట్టీకి ఒక చీర కొంగు ముడివేసి ఉంది. అత్త పాత నేతచీర. దుమ్ము పడకుండా కప్పి కట్టినట్టుంది. గాలికి మిగతాదంతా ఎగిరి పిట్టగోడ మీద కొట్టుకుంటోంది.

దుమ్ముకు భయపడి మూసిన గదిలోనే పిల్లకు గాలి లేకుండా చేసింది తనేనా? పద్మశ్రీ అక్కడే చతికిలబడింది.

"ఎందుకే ఇంత మొండితనం? ఒక ఆట కోసరమా?" అత్త గొంతు కాస్త తగ్గింది.

"తొమ్మిదో క్లాసులో నాకూ ఒక వేషం ఇచ్చినారత్తా. మాటలన్నీ నేర్చుకున్నా. పెద్దదాన్నయినానని మా వాళ్ళు బడి మానిపించినారు. ఆ మాటలు ఇప్పటికీ నోట్లోనే ఉండాయి. దీని మాటలన్నా బయటికి రావల్ల."

 సుభద్రమ్మ చీర ముడి విప్పి, మడిచి చంకన పెట్టుకుని దిగిపోయింది.

మర్నాడు పొద్దున గని నుంచి వచ్చిన చక్రధర్ గుమ్మంలోనే ఆగి కవచం మీద వేలితో కొట్టాడు. డబ్‌డబ్ మంది.

"అరె, అట్టనా ఇది? యుద్ధం చేసొచ్చిన ఇనుము మాదిరి ఉండాది. ఎవరు చేసినారు?"

వెండి రంగులో ఇంకి ఆరిన దుమ్ము నిజంగానే తుప్పుపట్టిన ఇనుములా గట్టిపడింది. పద్మశ్రీ జవాబు చెప్పేలోపే సుభద్రమ్మ తన పెట్టె తెరిచి కూచుని కత్తెర అడిగింది. ఆమె ఒడిలో సవరం ఉంది. పెళ్ళికి ముందు రాలిన జుట్టును ఏళ్ళ తరబడి దాచి వాళ్ళమ్మ కట్టించిన సవరం.

"అత్తా, అది వద్దు!"

"సుమ్నే ఉండు, ఊరుకో. ఇంగ నాకు జడ ఎవరేస్తారు?"

కత్తెర కరకరమంది. నానబెట్టిన తుమ్మబంకతో వెంట్రుకలను గుడ్డపట్టీకి అతికించి, మనవరాలి పెదవి మీద నొక్కింది. కొసలు వేళ్ళతో మెలితిప్పింది.

"ఉగ్గాని తింటే పడదు కదా అవ్వా?"

"తిని చూడు."

తింది. పడలేదు. పద్మశ్రీ ట్యూబు పట్టీలు బిగించింది. శ్రుతి కత్తి దూసి, వీధి గుమ్మంలో నిలబడి అరిచింది.

"ఈ కొండ నాది! ఒక్క రాయి కూడా కదలనివ్వను!"

"అట్లయితే నా లారీ ఎట్లా నిండాల తల్లీ?" అన్నాడు చక్రధర్. అందరూ నవ్వారు, సుభద్రమ్మ తప్ప.

"ఇంకా గట్టిగా అనమ్మే," అందామె. "రేపు నేను అందరికంటే వెనక, కడా బెంచీలో కూచుంటా. ఆడికి వినపడాల."

పద్మశ్రీ కళ్ళు తుడుచుకుని, మళ్ళీ అరిచిన పిల్లతోపాటు తనూ పెదవులు కదిపింది.