ముంగిస ఫొటో

ఆ ఉదయం జ్ఞానమ్మ వాకిట్లో చేపలు బేరమాడుతుండగా విశాఖపట్నం నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు.

"సత్యరాజుగారి ఇల్లు ఇదేనా అండీ? మా ఫొటో ప్రదర్శనలో ఆయనకి మొదటి బహుమతి వచ్చింది."

లోపలి గదిలో ఆ మాట విన్న సత్యరాజు వెంటనే బయటికి రాలేదు. చోడవరంలో ఇరవై ఏళ్లుగా స్టూడియో నడుపుతున్నా, పెళ్లిళ్లు, పాస్‌పోర్టు సైజు ముఖాలు తప్ప ఆయన వేరే ఏదీ తీసి ఎరగడు. ఆ ఫొటో తీసింది పంతొమ్మిదేళ్ల కూతురు కృపామణి. స్టూడియోలో మూలపడ్డ పాత కెమెరాతో పెరట్లో ఉడుతల్నీ, పిట్టల్నీ తీసేది. "ఫిల్ము తగలేస్తన్నావే!" అని ఆయన తిట్టేవాడు. మూడు నెలల క్రితం ముంగిస ఫొటో కడుగుతుంటే మాత్రం చేతులు ఆగిపోయాయి. ఫిల్ము పాడైపోయిందని కూతురికి అబద్ధం చెప్పి, ఆ ఫొటోని తన పేరుతో పోటీకి పంపాడు.

పెద్దమనిషి లోపలికి వచ్చి, సత్యరాజు ముందు బల్ల మీద ఫొటో పెట్టాడు. భర్తకి బహుమతి వచ్చిందని జ్ఞానమ్మ ముఖం వెలిగిపోయింది. టీ తెచ్చిన కృపామణి ఫొటో చూసి, తండ్రి వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు.

"క్షణం నిలవని జంతువు కదా, ఫోకస్ ఎలా కుదిరింది? దాన్ని మధ్యలో కాకుండా ఓ పక్కకి ఎందుకు పెట్టారు?" అని అడిగాడు పెద్దమనిషి.

"అదేనండీ... అలా కుదిరిపోయింది" అన్నాడు సత్యరాజు.

కృపామణి మెల్లగా అందుకుంది. "అది రోజూ ఎక్కే రాయొకటుందండి. ముందే దాని మీద ఫోకస్ పెట్టీసి, నేల మీద బోర్లా పడుకుని కాపు కాసేడండి మా నాన్న. కన్ను బాగా కనపడితే సాలు, ఎనకాల మసకైపోయినా పర్లేదండి. అది సూసే వైపు కాస్త ఖాళీ వదిల్తే, దేనికోసమో సూస్తన్నట్టుంటాదండి. నాక్కూడా నాన్నే నేర్పేడు."

ఆ చివరి మాట సత్యరాజుని కూర్చోనివ్వలేదు.

"లేదండీ! నా పరువు కాపాడ్డానికి అబద్ధమాడతంది ఈ గుంట. నేనేటీ నేర్పలేదు. తిట్టేను. ఫొటో దానిది. దొంగలా నా పేరు పెట్టుకున్నాను."

"కన్నకూతురి దగ్గరేటండీ ఈ పని!" అంది జ్ఞానమ్మ, నమ్మలేనట్టు.

పెద్దమనిషి పెన్ను తీసి, ఫొటో వెనక ఉన్న పేరు కొట్టేశాడు. "నీ పూర్తి పేరు చెప్పమ్మా" అన్నాడు.

ఆయన వెళ్లాక కృపామణి పెరటి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. సత్యరాజు వెళ్లి పక్కన నిలబడ్డాడు.

"అడిగితే ఇచ్చేసీదాన్ని నాన్నా. పాడైపోయిందన్నావు. నాకు సేతకాదనుకున్నాను. ఆ రోజునుంచీ కెమెరా ముట్టుకోలేదు. నువ్వు సూసేవా?"

ఆయన చూడలేదు. మూడు నెలలు ఒకే ఇంట్లో ఉండి చూడలేదు.

"తప్పయిపోయిందే తల్లీ" అన్నాడు. పక్కన కూర్చుని, "నాకు నేర్పుతావా?" అన్నాడు.

కృపామణి కళ్లు తుడుచుకుని చింతకొమ్మ వైపు చూసింది. అక్కడ వడ్రంగి పిట్ట టకటకా పొడుస్తోంది.

"ఆ తెల్ల సొక్కా మార్సుకుని రా నాన్నా. తెల్లగా కనపడితే ఎగిరిపోద్ది."

సత్యరాజు లోపలికి వెళ్లాడు. చొక్కా బొత్తాలు విప్పుతూ విప్పుతూ, గోడకి మొహం ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.