పగటిపూట మూసిన తలుపు

ఇట్ల దగ్గరికి జరిగి కూసో బిడ్డా. ఇది గట్టిగ చెప్పే ముచ్చట కాదు.

మన శివరాం గూఢచారి. తాతలు రాళ్లు మోసి ఈ బొంబాయి కట్టిన్రు. ఈయన దాన్ని కాపాడీ కాపాడీ అలిసిపోయిండు. ఆ పొద్దు ఫాక్‌లాండ్ రోడ్డు మీద చాయ్ తాగుతుంటే పక్కకొచ్చిన మనిషి మెల్లగ అడిగిండు.

"సున్నం కలిసిందా?"

"ఇసుక తక్కువైంది," అని శివరాం కోడ్ పూర్తి చేసిండు. వచ్చింది బాస్ గంగారాం.

"ఆడపిల్లలను విదేశాలకు అమ్మే ముఠా మీద సాక్ష్యం చెప్పిన బాలమ్మ యాదుందా? ఆమెను దాచిన అడ్రస్ మన వెబ్‌సైట్‌ల ప్రైవేట్ పేజీల ఉంది. బయటోళ్లకు పాస్‌వర్డ్ అడిగే డబ్బా తప్ప ఏం కనబడదు. అందుకే ఆ ముఠా అందుల ప్లగిన్ అనే ఒక చిన్న ప్రోగ్రాం పెట్టించింది. మనోళ్లే పాస్‌వర్డ్ కొట్టి, పేజీ తెరిచి, బటన్ నొక్కాలె. అంతే, పేజీ పీడీఎఫ్ అయి సముద్రం దాటుతది. తెల్లారేసరికి బాలమ్మ ఉండదు."

"మనోళ్లంటే ఎవరు?"

"మయూరి. ముఠాకు అమ్ముడుపోయింది."

శివరాం గ్లాసు దించిండు. ఆ పిల్లకు పని నేర్పింది ఆయనే.

"పాస్‌వర్డ్ మార్చరాదా సార్?"

"మార్చే అధికారం ఆమెకే ఇచ్చినం."

మయూరి ఫోన్ సిగ్నల్ కామాటిపురల ఒక చాల్ దాకా, అదే ఒకే వరండాకు వరుసగ గదులుండే పాత బిల్డింగ్ దాకా, వచ్చి ఆగింది. శివరాం మోటార్ రిపేరు మనిషి వేషం కట్టి, సంచిల సిగ్నల్ పట్టే మిషన్ పెట్టుకొని, మోకాళ్లను తిట్టుకుంటూ మెట్లెక్కిండు. మిషన్ ప్రతి గది ముందరా కూసింది. ఇంటింటికీ నాలుగు ఫోన్లాయె, కూయక ఏం చేస్తది?

వరండా చివర వజ్రమ్మ అనే ముసలామె ఒక తలుపు కొడుతున్నది.

"ఏమైంది పెద్దమ్మా?"

"కొత్తగ దిగిన పిల్ల. పొద్దటిసంది తలుపేసుకున్నది. పానం బాగలేదో ఏమో, కషాయం తెచ్చిన."

చాల్‌ల పగటిపూట తలుపు మూస్తరా బిడ్డా? సావన్నా కావాలె, జ్వరమన్నా రావాలె. ఫ్లాట్లల్ల పెరిగిన మయూరికి అది తెల్వదు. గుట్టుగ ఉందామని మూసుకుంటే, వరండా అంతా ఆమె ముచ్చటే అయింది.

"కొట్టు పెద్దమ్మా, ఆపకు," అని శివరాం గోడకు ఒరిగిండు.

"తెరువు బిడ్డా. నువ్వు తాగెదాంక నేను కదల."

విసుగొచ్చి తలుపు సందు తెరుచుకున్నది. శివరాం భుజం పెట్టి నెట్టిండు. ఇంట్ల కూడ నల్లద్దాలు, పెదాలకు ఎర్రరంగు, మయూరి సినిమా పోస్టర్ లెక్క నిలబడ్డది. లాప్‌టాప్‌ల బాలమ్మ ఫోటో ఉన్న పేజీ తెరిచి ఉంది. కింద పచ్చ గీత చివరికి పాకుతున్నది. ఆయన వైఫై డబ్బా వైరు పీకిండు. వెంట్రుకంత దూరంల గీత ఆగింది. పీడీఎఫ్ కాలేదని తెర మీద పడ్డది: కన్వర్షన్ ఫెయిల్డ్.

"ఇంకా రిటైర్ కాలేదా సార్?"

"నీ అసుంటోళ్లు కానిస్తలేరు."

వజ్రమ్మకు ఇదేం పట్టలే. కషాయం మయూరి చేతిల పెట్టింది. బేడీలు పడకముందు ఆమె అదంతా తాగాల్సొచ్చింది.

సాయంత్రం శివరాం బాలమ్మను ఒక్కసారి కండ్ల చూద్దామని ఆమెను దాచిన గల్లీకి పోయిండు. ఆమె నల్లా కాడ బిందె పట్టుకొని నిలబడి, "ముందరికొస్తున్నవేంది, నువ్వేమన్న కలెక్టర్‌వా? లైన్ల రా," అని కసిరింది. ఆయన పోయి లైన్ చివర నిలబడ్డడు. ఆ దినం మొత్తంల ఆయనకు దొరికిన విశ్రాంతి అదే.

ఈ కథ యాదుంచుకొని నలుగురికి చెప్పు బిడ్డా. ఆ నల్లా ఏ గల్లీల ఉందని ఎవరన్న అడిగితే మాత్రం, మా అవ్వకు తెల్వదట అను.